నీళ్ళు అంటేనే నీళ్ళిస్తానని అనకండి

(ఆటిజం ఉన్న చిన్నపిల్లల తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు కలిసిన ఒక సమావేశంలో ఒక స్పీచ్ థెరపిస్ట్ మాట్లాడిన ప్రసంగానికి అక్షర రూపం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు మొహమాటపడకండి. పిల్లాడు లేచి పరిగెత్తినా, గట్టిగా అరిచినా, ఫ్యాన్ వంక చూస్తూ గుండ్రంగా తిరిగినా ఇక్కడ ఎవరూ వింతగా చూడరు.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు కుర్చీలో కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, మావాడికి మాటలు ఎప్పుడొస్తాయి?" దానికి నేను తేదీ చెప్పలేను, మూడు నెలల్లో వచ్చేస్తాయి అని చెప్పేవాళ్ళని నమ్మొద్దు కూడా. నేను తిరిగి ఒకటి అడుగుతాను: "వాడికి దాహమేస్తే ఇప్పుడు మీకెలా తెలుస్తోంది?" కాసేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు మేడమ్" అంటారు. లేదంటే "గ్లాసు తెచ్చి నా ఒళ్ళో పడేస్తుంది" అంటారు. అదిగో, అది అడగడమే. నోట్లోంచి రాలేదు, చేతుల్లోంచి వచ్చింది, అంతే తేడా. మన థెరపీ అంతా అక్కడి నుంచే మొదలవ్వాలి.

నాకిది మొదట్లో తెలియదు. కొత్తగా పనిలో చేరినప్పుడు మూడేళ్ళ పాప ఒకతి నా దగ్గరికి వచ్చేది. నా చెయ్యి పట్టుకుని నీళ్ళ కుండ దగ్గరికి లాగేది. నేను గ్లాసు నింపి, దానికి అందకుండా పైకి పట్టుకుని, "నీళ్ళు... నీళ్ళు అను... నీ... అను, అంటేనే ఇస్తా" అనేదాన్ని. అప్పట్లో అదే సరైన పద్ధతి అనుకున్నాను, చాలామంది ఇంట్లో కూడా ఇదే చేస్తారు, తప్పుపట్టడానికి చెప్పట్లేదు. పాప ఏడ్చేది, నా చెయ్యి గుంజేది, చివరికి నేనే ఇచ్చేసేదాన్ని. కొన్ని వారాలకి ఆ పాప నా దగ్గరికి రావడం మానేసింది. దాహం వేసినా సరే గోడవైపు తిరిగి కూర్చునేది. నేను ఆ పిల్లకి మాట నేర్పలేదు, అప్పటిదాకా తనకున్న ఒక్క దారినీ మూసేశాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు ఉంటుంది. అందుకే ఎక్కడ మాట్లాడమన్నా దీంతోనే మొదలుపెడతాను.

సరే, అసలు మాట కంటే ముందు ఏం రావాలో చెప్తాను. అంగన్‌వాడీ టీచరమ్మలు ఇది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మాకంటే ముందు పిల్లల్ని చూసేది మీరే. మామూలుగా మాటలు రాకముందే పిల్లలు రెండు రకాలుగా వేలు చూపిస్తారు. ఒకటి, అది నాకు కావాలి అని, పైన పెట్టిన బిస్కెట్ డబ్బా వైపు. రెండోది, అదిగో చూడు అని. ఆకాశంలో విమానం చూపించి వెంటనే మీ మొహం వంక తిరుగుతారు, మీరు కూడా చూశారా లేదా అని. ఈ రెండో దాంట్లో పిల్లలకి విమానం అక్కర్లేదు, మీరు కావాలి, మీతో కలిసి చూడటం కావాలి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఈ రెండోది ఆలస్యంగా వస్తుంది, కొందరిలో చాలా తక్కువగా ఉంటుంది. అందుకే 16 నుంచి 30 నెలల పిల్లలకి వాడే ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టికలో వేలు చూపించడం గురించి ప్రత్యేకంగా అడుగుతారు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకి కూడా ఏదీ చూపించకపోవడం, వచ్చిన మాటలు మళ్ళీ పోవడం, ఇవి కనిపిస్తే ఆగొద్దు. ముందు చెవి పరీక్ష, అంటే బెరా టెస్ట్ లాంటిది, చేయించండి, ఆ వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇక్కడే మన ఇళ్ళల్లో ఆలస్యం జరుగుతుంది. "మగపిల్లలకి మాటలు లేటుగానే వస్తాయి", "వాళ్ళ నాన్నకీ అయిదేళ్ళకే వచ్చాయి", "వస రుద్దండి, వసపిట్టలా మాట్లాడతాడు". పెద్దవాళ్ళు ప్రేమతోనే అంటారు, నేను కాదనను. కానీ రెండేళ్ళ వయసులో పోయిన ఏడాది, పదేళ్ళ వయసులో పోయిన ఏడాది ఒకటి కాదు. ఇంకో సంగతి, రిపోర్టులో ఆటిజం అని రాసేదాకా థెరపీ మొదలుపెట్టకూడదని ఎక్కడా లేదు. అనుమానం వచ్చిన రోజునే మొదలుపెట్టొచ్చు. నేను చెప్పబోయే పనులు ఏ పిల్లలకీ హాని చెయ్యవు.

ఇప్పుడు థెరపీల సంగతి. మీరు ఇంటర్నెట్‌లో చూస్తే ఏబీఏ, పెక్స్, టీచ్, డెన్వర్ అని పేర్లు వరసగా వస్తాయి, టెన్షన్ పెరుగుతుంది. వీటి వెనక కథ కొంచెం తెలిస్తే ఆ భయం తగ్గుతుంది.

అమెరికాలో యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో ఈవార్ లోవాస్ అనే సైకాలజిస్ట్ 1987లో ఒక అధ్యయనం ప్రచురించాడు. 19 మంది చిన్నపిల్లలకి వారానికి 40 గంటల చొప్పున, రెండేళ్ళూ ఆ పైన, ఒక్కో పిల్లాడికి ఒక్కో మనిషి కూర్చుని నేర్పించారు. ఒక పని చెప్పడం, చేస్తే ఇష్టమైనది ఇవ్వడం, మళ్ళీ చెప్పడం. ఏబీఏ అంటే ఈ తరహాలో నేర్పడమే. ఆ 19 మందిలో 9 మంది మామూలు తెలివితేటల స్థాయికి వచ్చి మామూలు బడిలో ఒకటో తరగతి పూర్తి చేశారని ఆయన రాశాడు. దాంతో లోకమంతా కదిలిపోయింది, ఎందుకంటే అంతకుముందు ఈ పిల్లలకి ఏమీ రాదు, ఎక్కడైనా చేర్పించెయ్యండి అనేవాళ్ళు. ఆ ఆశ ఇచ్చినందుకు ఆయనకి గౌరవం దక్కాల్సిందే. కానీ అందులో గట్టిగా "నో" అని అరవడం, తొడ మీద కొట్టడం కూడా పద్ధతిలో భాగంగా ఉండేవి. పిల్లల్ని లాటరీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి పోల్చలేదని తర్వాత చాలామంది తప్పుపట్టారు కూడా. ఇప్పుడు మంచి ఏబీఏ సెంటర్లలో కొట్టడం లేదు, ఆటలో కలిపి నేర్పుతారు. ఒక పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పడం అనే ఆలోచన బంగారం లాంటిది. పళ్ళు తోముకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం నేను కూడా అలాగే నేర్పిస్తాను. నేను ఒప్పుకోనిది ఒకటుంది. గడ్డం పట్టుకుని మొహం తిప్పి "నా కళ్ళలోకి చూడు" అని వందసార్లు చేయించడం. ఆటిజంతో పెరిగి పెద్దవాళ్ళయి, ఇప్పుడు తమ గురించి తామే చెప్పుకుంటున్న ఎంతోమంది, కళ్ళలోకి చూస్తే ఎదుటివాళ్ళ మాట చెవికెక్కదని, ఒంట్లో బాధగా ఉంటుందని అంటున్నారు. వాళ్ళ మాట వినకుండా ఎవరి మాట వింటాం మనం?

40 గంటలు అన్న అంకె మాత్రం మన దేశానికి కూడా వచ్చి కూర్చుంది. అప్పు చేసి, బంగారం తాకట్టు పెట్టి, ఊరు వదిలి సిటీకి మారి పిల్లాడిని రోజంతా సెంటర్‌లో పెట్టినవాళ్ళు నాకు తెలుసు. ఒక నాన్నగారు ఆటో నడుపుతారు, రోజుకి మూడు థెరపీల ఫీజు కట్టాలని రాత్రిళ్ళు కూడా నడిపారు. పిల్లాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన ఇంట్లో ఉండరు, అమ్మ వంటలో, పిల్లాడు ఫోన్‌లో. వారానికి ఇన్ని గంటలు అని ఒకే అంకె అందరికీ కుదరదు. ఎన్ని గంటలు కట్టారన్నది కాదు నేను చూసేది, పిల్లాడితో ఆ ఇంట్లో ఎవరైనా నేల మీద కూర్చుంటున్నారా అన్నది.

దీనికి నేను ఎక్కువగా చెప్పే ఉదాహరణ ఇంగ్లండ్‌లో మొదలై గోవా దాకా వచ్చింది. మాంచెస్టర్‌లో జొనాథన్ గ్రీన్ అనే డాక్టర్, ఆయన టీమ్ పాక్ట్ అని ఒక పద్ధతి చేశారు. అందులో థెరపిస్ట్ పిల్లాడికి నేరుగా ఏమీ నేర్పదు. అమ్మో నాన్నో పిల్లాడితో కాసేపు ఆడుకుంటారు, దాన్ని వీడియో తీస్తారు, తర్వాత థెరపిస్టూ తల్లిదండ్రులూ కలిసి ఆ వీడియో చూస్తారు. ఇక్కడ ఆపండి, ఇక్కడ బాబు మీ వైపు చూశాడు, చూశారా? అప్పుడు మీరేం చేశారు? అంతే. రోజూ ఓ అరగంట ఇంట్లో అలా ఆడుకోవాలి. 152 మంది పిల్లలతో చేసిన ఈ అధ్యయనం ఫలితాలు 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. నిజం చెప్పాలంటే అప్పుడు పెద్ద అద్భుతం కనిపించలేదు. తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడే తీరు బాగా మారింది, ఆటిజం లక్షణాల కొలతలో మాత్రం తేడా తక్కువ. కానీ ఆ పిల్లల్లో చాలామందిని దాదాపు ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వెతికి పట్టుకుని చూశారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. థెరపీ ఆగిపోయి అన్నేళ్ళయినా, ఆ పద్ధతి అందిన పిల్లల్లో లక్షణాల తీవ్రత మిగతావాళ్ళ కంటే తక్కువగా ఉంది. థెరపిస్ట్ వెళ్ళిపోతుంది, అమ్మ ఉండిపోతుంది. దానివల్లే అని నేననుకుంటాను.

అదే పద్ధతిని గోవాలో సంగాత్ అనే సంస్థా, పాకిస్తాన్‌లో రావల్పిండి వాళ్ళూ మన ఇళ్ళకి తగ్గట్టు మార్చారు. దానికి పాస్ అని పేరు. మార్పు ఏంటంటే, థెరపిస్టులు లేని చోట ఏం చెయ్యాలి అని ఆలోచించి, థెరపీ చదవని మామూలు ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి ఇళ్ళకి పంపారు. మొత్తం 12 సెషన్లు. 65 మంది పిల్లలతో చేసిన ఆ ట్రయల్‌లో, ఇది కూడా 2016లోనే వచ్చింది, తల్లిదండ్రులు పిల్లల ధ్యాసని అనుసరించి మాట్లాడటం బాగా పెరిగింది, పిల్లలు తమంతట తాము మొదలుపెట్టి ఏదో ఒకటి చెప్పడం కూడా పెరిగింది. అన్నీ మెరుగుపడ్డాయని చెప్పను, ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద ధ్యాస పెట్టే సమయం తగ్గిందని వాళ్ళే రాశారు. దాచకుండా రాశారు కాబట్టే నాకు ఆ పరిశోధన మీద నమ్మకం ఎక్కువ. అంగన్‌వాడీ టీచరమ్మల వంక చూసి ఈ మాట చెప్తున్నాను, ఇది మీరు చేయగలిగిన పని.

పిల్లల ధ్యాసని అనుసరించడం అంటే ఏంటో చూపిస్తాను. బాబు నేల మీద పడుకుని బొమ్మ కారు చక్రం తిప్పుకుంటున్నాడు అనుకోండి. మనం ఏం చేస్తాం? "నాన్నా, ఇదేంటి? కారు. కారు అను. ఏ కలర్? రెడ్. రెడ్ అను. చక్రాలెన్ని?" వాడు అటు తిరుగుతాడు. నిజమే కదా, మీరు అన్నం తింటుంటే ఎవరైనా పక్కన కూర్చుని ఇలా పరీక్ష పెడితే మీరు మాత్రం తిరగరా? దానికి బదులు మీరూ నేల మీద పడుకోండి, మొహం వాడి మొహానికి ఎదురుగా ఉండేలా. చక్రం తిరుగుతుంటే "తిరుగుతోంది... తిరుగుతోంది..." అనండి, ఆగగానే "ఆగిపోయింది!" అనండి. తర్వాత నోరు మూసుకుని ఆగండి. మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. ఆ పది అంకెలు ఎంత పొడుగ్గా ఉంటాయో మీరే చూస్తారు. మనకి ఏడో అంకెకే నోరు దురద పెడుతుంది. ఆగితే, చాలాసార్లు ఎనిమిదో తొమ్మిదో దగ్గర పిల్లాడు ఏదో ఒకటి చేస్తాడు. మీ వంక ఓరగా చూస్తాడు, కారు మీ వైపు తోస్తాడు, "ఊ" అంటాడు. అది వాడి వంతు. వెంటనే చక్రం తిప్పండి, వాడు అడిగింది అదే. ఒక్కసారికే చెయ్యకపోవచ్చు, నూరోసారికి చెయ్యొచ్చు. నాలుగు రోజుల్లో వదిలెయ్యకండి.

దీనికి బొమ్మలు కూడా అక్కర్లేదు. ఉయ్యాల ఊపండి, ఊపుతూ ఊపుతూ ఒక్కసారి పట్టుకుని ఆపండి, వాడి మొహంలోకి చూసి ఆగండి. చక్కిలిగింతలు పెట్టబోతూ వేళ్ళు గాల్లో ఆపండి. మరమరాలు గిన్నె నిండా ఇచ్చేయకుండా నాలుగేసి పెట్టండి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఏడిపించేదాకా ఆపొద్దు, చెయ్యి చాచినా చాలు, చూసినా చాలు, ఇచ్చెయ్యండి, ఇస్తూ "ఇంకా!" అని మీరు అనండి. వాడు అనాలని పట్టుబట్టకండి. నేను నీళ్ళ గ్లాసు పైకి పట్టుకున్నాననే సంగతి గుర్తుంచుకోండి.

మాట ఇంకా రానివాళ్ళకి బొమ్మల కార్డులు వాడతాం. పెక్స్ అనేది ఇదే. 1985లో అమెరికాలోని డెలవేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టారు. పిల్లాడు అరటిపండు బొమ్మ తెచ్చి మీ చేతిలో పెడతాడు, మీరు అరటిపండు ఇస్తారు. చూడటానికి చిన్న పనే, కానీ అందులో పిల్లాడు ఒక మనిషి దగ్గరికి నడిచొచ్చి ఒక కబురు చెప్పాడు. ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే మాట వినిపించే యాప్‌లు కూడా ఉన్నాయి, ఆవాజ్ అనేది మన చెన్నైలోనే తయారైంది. వెంటనే అమ్మమ్మలు అడిగేది, "ఇవి అలవాటైతే ఇంక నోటితో మాట్లాడడేమో?" చాలా పరిశోధనలు జరిగాయండీ దీని మీద. కార్డులు, యాప్‌లు మాటని ఆపినట్టు తేలలేదు, కొందరికి మాట పెరిగింది కూడా. భయం వద్దు.

మొండితనం గురించి చెప్పకుండా వెళ్తే మీరు ఊరుకోరు. తలబాదుకోవడం, చెయ్యి కొరుక్కోవడం, షాపులో కింద పడి దొర్లడం. 1985లోనే ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే ఇద్దరు చూపించిన విషయం ఇది. ఆ ప్రవర్తన వెనక ఉన్న అవసరం ఏంటో కనిపెట్టి, అదే అవసరాన్ని వేరేగా చెప్పే దారి నేర్పితే, ఆ ప్రవర్తన తగ్గుతుంది. మా దగ్గర నాలుగేళ్ళ బాబు రోజూ ఉదయం చెయ్యి కొరుక్కునేవాడు, రక్తం వచ్చేలా. వాళ్ళమ్మ దిష్టి తీయించింది, కోప్పడింది, ఏడ్చింది. ఒక వారం కాగితం మీద రాయమన్నాను, కొరుక్కునే ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని. వారం తిరిగేసరికి తేలింది, ఆమె చట్నీకి మిక్సీ వేసినప్పుడల్లా కొరుక్కుంటున్నాడు. కొరుక్కోగానే ఆమె పరిగెత్తుకొచ్చేది, మిక్సీ ఆగేది. వాడి లెక్కలో చెయ్యి కొరుక్కోవడం మిక్సీ ఆపే స్విచ్. రెండు పనులు చేశాం. మిక్సీ వేసేముందు చెప్పి, వాడిని నానమ్మతో బయటికి పంపడం ఒకటి. చెవులు రెండూ మూసుకుని చూపిస్తే వెంటనే ఆపడం ఇంకొకటి. మొదట్లో మనమే వాడి చేతులు మెల్లగా చెవుల మీదికి తీసుకెళ్ళి, వెంటనే ఆపేవాళ్ళం. నెల దాటేసరికి చేతి మీద పుండ్లు మానాయి. ఇప్పటికీ మాటలు రాలేదు ఆ బాబుకి. కానీ "చప్పుడు ఆపండి" అని చెప్పడం వచ్చు.

భాష గురించి. "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతాడు" అని ఎవరో చెప్పారని చాలామంది అంటారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లల తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో మాట్లాడినప్పుడు మరీ ఎక్కువగా వింటాను. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఇంగ్లీష్‌లో అమ్మకి వచ్చేది "కమ్, సిట్, ఈట్". తెలుగులో అయితే "రా బంగారం, అన్నం వేడిగా ఉంది, ఊదనా? ఉఫ్..." అని ఎంత పలుకుతుందో చూడండి. ఏ భాషలో మీకు ముద్దు చెయ్యడం వస్తుందో ఆ భాషలో మాట్లాడండి. ఫోన్‌లో రైమ్స్ చూసి ఇరవయ్యారు అక్షరాలు గడగడా చెప్పే పిల్లాడు "ఆకలి" అని ఎలాగైనా చెప్పలేకపోతున్నాడంటే మనకి ఏది ముందు కావాలో ఆలోచించండి. అన్నట్టు, మీరన్న మాటే తిరిగి అనే పిల్లలుంటారు. "నీళ్ళు కావాలా?" అంటే "నీళ్ళు కావాలా?" అంటారు. అది తిక్క కాదు, వెక్కిరింత అంతకన్నా కాదు, చాలాసార్లు అవును అని చెప్పడమే. వాడి తరఫున మీరు "నీళ్ళు కావాలి" అని అనేసి ఇవ్వండి, క్రమంగా ఆ రూపం పట్టుకుంటాడు.

డబ్బు గుంజే దారుల గురించి రెండు ముక్కలు. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఆటిజం పోతుందని లక్షలు తీసుకుంటున్నారు. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్స్ చికిత్సగా ఒప్పుకున్నవి కొన్ని రక్త సంబంధమైన జబ్బులు మొదలైనవాటికే, అందులో ఆటిజం లేదు. ఒంట్లో లోహాలు తీసేస్తామనే చీలేషన్ వల్ల 2005లో అమెరికాలో అయిదేళ్ళ బాబు చనిపోయాడు. ఇంత కష్టపడి సంపాదించిన డబ్బు అక్కడ పొయ్యకండి.

పనికొచ్చే చోట్లు ఇవి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డీఈఐసీ అనే ముందస్తు చికిత్స కేంద్రాలు పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చే డాక్టర్ల టీమ్ ఈ పథకం వాళ్ళే, వచ్చిన రోజు ఆ పిల్లాడిని తప్పకుండా చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటారు, అక్కడ పరీక్షలు, థెరపీ, తల్లిదండ్రులకి శిక్షణ ఉన్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్‌లో లక్ష రూపాయల దాకా కవరేజీ ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులోకి వస్తుంది. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లాడికి ముద్ర పడుతుందని భయపడేవాళ్ళుంటారు. ముద్ర వేసేవాళ్ళు సర్టిఫికెట్ చూసి వెయ్యరమ్మా.

ఇప్పుడు మనం ఒక పని చేద్దాం. ఫోన్‌లు తియ్యండి. పక్క గదిలో చాప వేశాం, కొన్ని గిన్నెలు, బంతులు, సబ్బు బుడగలు పెట్టాం. ఒక్కొక్కరు మీ పిల్లలతో అయిదు నిమిషాలు ఆడండి, పక్కవాళ్ళు వీడియో తీస్తారు, ఆ వీడియో మీ ఫోన్‌లోనే ఉంటుంది, ఎవరికీ పంపం. తర్వాత నేనూ మీరూ కూర్చుని చూద్దాం, వాడు మీ వైపు ఎన్నిసార్లు తిరిగాడో లెక్కపెడదాం. ముందు ఎవరు వస్తారు? ఆ పసుపు చీర అమ్మమ్మగారూ, మీరు రండి. పాప ఇందాకటి నుంచి మీ గాజులు తిప్పుతూనే ఉంది, బొమ్మలేవీ తీయొద్దు, ఆ గాజులతోనే మొదలుపెడదాం.